దారం కత్తెర ఆగినప్పుడల్లా

తలుపు మూసుకోగానే లోకం అవతలే నిలబడిపోయింది. అంత మందం తలుపు ఫకృద్దీన్ తన యాభై రెండేళ్ల బతుకులో చూడలేదు. లోపల నాలుగు గోడలకూ బూడిదరంగు స్పాంజి, ఒక కుర్చీ, కుర్చీలో తను, తన చేతిలో రేగుపండంత బటన్. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, ఎర్రది కుడికి, నీలంది ఎడమకు. అవి తగిలించిన అమ్మాయి కోటు మీద ప్రశాంతి అని పేరుంది. అంతా బాగానే ఉంది గానీ, పోతూ పోతూ ఆమె చేసిన పని ఒకటి అతనికి నచ్చలేదు. కుర్చీని పట్టుకుని గిర్రున గోడవైపు తిప్పేసింది. "ఇట్లా కూర్చోండన్నా. నన్ను చూడొద్దు. శబ్దం ఎంత సన్నగా వినపడినా సరే, నొక్కండి" అని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పి, అద్దానికి అవతలున్న తన మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. ముఖం కనపడకుండా పరీక్ష ఏమిటి, ఎదురుగా ఒక మనిషన్నా ఉండొద్దా అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం మెడ వెనక వేడి పుట్టింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పిల్ల అందరికీ తిప్పినట్టే తన కుర్చీనీ తిప్పి ఉంటుంది, తన సంగతి ఆమెకేం తెలుసు? తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకైనా తెలుసో లేదో.

అసలు అతను ఈ గదికి రావలసిన మనిషే కాదు. వచ్చింది పెళ్లాం దాదాబీ కోసం, ఆమె కుడి మణికట్టుకు నలభై రోజుల కిందట వేసిన సిమెంటు కట్టు విప్పించడానికి. రాయదుర్గంలో మొదటి బస్సెక్కి అనంతపురం వచ్చేదాకా మొగుడూ పెళ్లాం ఒక్క మాట మాట్లాడుకోలేదు, మాట్లాడినా ఆ బస్సు రొదలో తనకు వినపడేదీ కాదు. ఎముకల డాక్టరు కట్టు కోసి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "రోజూ వేళ్లు ఆడించే పని నువ్వు దగ్గరుండి చేయిస్తావా?" అని అడిగితే, తను చాలా మర్యాదగా "రాయదుర్గం సార్" అన్నాడు. డాక్టరు ఇంకేదో అడిగాడు. దానికీ తల ఊపాడు. అప్పుడు డాక్టరు దాదాబీ వైపు చూశాడు, దాదాబీ నేల వైపు చూసింది. చీటీ మీద రెండు ముక్కలు రాసి, పక్క బిల్డింగు అని వేలితో చూపించాడు డాక్టరు. కట్టు తీసిన చెయ్యి తెల్లగా పాలిపోయి, పెరట్లో రాయి కింద మొలిచిన గడ్డిలాగా ఉంది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో చీటీ పట్టుకుని, తన ముందు నడిచి తనను ఇక్కడికి తెచ్చింది దాదాబీనే.

శబ్దం ఏదీ రావడం లేదు. లేదు, వస్తూనే ఉంది, కీ అని, సన్నగా, తెగకుండా. కానీ అది తనదే. తన తలలోపల కాపురం పెట్టిన కూత అది, ఇరవై ఎనిమిదేళ్లు జీన్స్ ప్యాంట్ల యూనిట్లో ఓవర్‌లాక్ మిషన్ల మధ్య కూర్చున్నందుకు దక్కిన బహుమానం. మిషన్లన్నీ ఆపేసిన ఆదివారం కూడా అది ఆగదు. ఇంతకీ ఇప్పుడు వినపడుతున్నది కూతా, ఆ పిల్ల వదిలిన శబ్దమా? నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కాసేపు ఆగి, ఇంతసేపు ఏదీ రాకుండా ఉండదులే అని లెక్కేసుకుని ఇంకోసారి నొక్కాడు. తలుపు తెరుచుకుంది. ప్రశాంతి వచ్చి ఒక పక్క హెడ్‌ఫోన్ ఎత్తింది. "అన్నా, నేను శబ్దం ఇవ్వకుండానే నొక్కేస్తున్నారు. తొందరేం లేదు. దీంట్లో పాసూ ఫెయిలూ ఉండవు" అంది. కోపంగా ఏం అనలేదు, అయినా నలభై మంది పిల్లల మధ్య బెంచీ ఎక్కించినట్టయింది. పాసూ ఫెయిలూ లేని పరీక్ష ఉంటుందని తనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదే. ఆమె వెళ్లి కూర్చుంది, కూర్చుందని తనకెట్లా తెలిసింది? తలుపు స్టీలు పిడిలో నీలం కోటు మరక ఒకటి కదిలి ఆగింది, అట్లా తెలిసింది. ఆ మరక మళ్లీ ఎప్పుడు కదులుతుందా అని తన కళ్లు పిడికే అతుక్కుని ఉన్నాయి. కదలగానే నొక్కడానికి బొటనవేలు సిద్ధంగా ఉంది. ఛీ, అనుకున్నాడు. యాభై రెండేళ్లొచ్చి, ఇక్కడ కూడానా. కళ్లు మూసుకున్నాడు.

కళ్లు మూసుకుంటే నాయన వచ్చాడు. భుజాన విల్లు వేసుకుని కళ్యాణదుర్గం దారిలో ఊరూరూ తిరిగి పరుపులకు దూది ఏకిన నాయన. చెక్కగుండుతో విల్లు తాడును కొడితే టంయ్ మని వీధి చివరిదాకా మోగేది, దూదేకులాయన వచ్చినాడని ఆడవాళ్లు పాత పరుపులు బయటికి లాగేవాళ్లు. తాడు బిగువు నాయనకు చెవితోనే తెలిసేది. కొడుక్కీ అది రావాలని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "కండ్లు మూసుకోరా. ఇప్పుడు చెప్పు, బిగువా, వదులా?" అనేవాడు. ఏడేళ్ల ఫకృద్దీన్ రెప్పల సందులోంచి నాయన వేళ్లు చూసేవాడు. ముడి దగ్గర వేలు తెల్లబడితే బిగువు, లేకుంటే వదులు. పదిసార్లకు పదిసార్లూ సరిగ్గా చెప్తే నాయన నవ్వి, "కండ్లతో చెప్తాండావురా దొంగనాయాలా, చెవుతో చెప్పు" అని భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు కట్టాడు. తమాషా ఏమంటే, తువ్వాలు కట్టాక కూడా పదింటికి పదీ సరిగ్గానే చెప్పాడు. అప్పుడు చెవులు అంత బాగుండేవి. చెవులు అంత బాగున్నప్పుడు కూడా దొంగచూపే చూశాడంటే, ఇక తప్పు మిషన్ల మీదికీ వయసు మీదికీ నెట్టడానికి లేదు.

బూ అని ఏదో వచ్చింది. ఇది కూత కాదు, బయటిదే, లావుగా, తూము లోపల ఎవరో మూలిగినట్టు. నొక్కాడు. మళ్లీ వచ్చింది, కాస్త తగ్గి. నొక్కాడు. ఒళ్లంతా సంతోషం పాకింది, చూశారా, వినపడుతోంది, నా చెవులకేం రోగం? ఓబన్న గొంతు కూడా ఇట్లాగే ఉంటుంది, యూనిట్ సూపర్‌వైజరు ఓబన్న, అరవై మిషన్లు తిరుగుతున్నా అతను ఆ మూల నుంచి "ఏమప్పా, పదహారో నంబరు" అంటే ఈ మూల తనకు తెలిసిపోతుంది. అదే కదా తన పెద్ద సాక్ష్యం. ఇంట్లో ఎన్నిసార్లు వాదించాడు! "ఓబన్న మాట ఇనపడుతుంది, మసీదులో ఇమాం మాట ఇనపడుతుంది, నీ మాటొకటే నాకు ఇనపడదు. తప్పు నాదా, నీదా? నోట్లో గొణుక్కుంటే యాడ ఇనపడేది?" ఆ లెక్క అతనికి ఎంత సబబుగా కనిపించిందంటే, దాని మీద ప్రమాణం చేయమన్నా చేసేవాడు. ఓబన్న మాట గుర్తొస్తే పోయినేడు వాన రాని వానాకాలం గుర్తొస్తుంది, కటింగ్ సెక్షన్‌లో ఎవరో ఆపు ఆపు అని అరుస్తున్నా వినపడక ఒకాయన రెండు వేళ్లు పోగొట్టుకున్న సంగతి గుర్తొస్తుంది. యజమాని భయపడ్డాడు. నలభై ఐదు దాటినవాళ్లంతా చెవులు చూపించుకోవాలన్నాడు. "ఆస్పత్రికంటే ఒక దినం పోతాది. ఫోన్లోనే ఉండాదంట పరీక్ష. ఎవరిది వాళ్లు చేసుకోండి. పచ్చరంగు వస్తే నాకు చూపీండి. ఎర్రరంగు వస్తే మాత్రం మిషన్ మీద కూచోబెట్టను, ఇప్పుడే చెప్తాండా" అన్నాడు ఓబన్న. ఆ మాట ఎంత బాగా వినపడిందో!

డిగ్రీ చదివే కూతురు సిమ్రాన్ అతని ఫోన్లో ఆ పరీక్ష ఎక్కించి, తన ఇయర్‌ఫోన్లు తనే తండ్రి చెవుల్లో పెట్టి, "కుయ్ మన్నప్పుడంతా నొక్కు నాయనా" అంది. ఎర్రరంగు వచ్చింది. మళ్లీ చేశాడు, మళ్లీ ఎర్రరంగే. సిమ్రాన్ ముఖం చిన్నబోయింది, కాలేజీ బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. "ఈ వైర్లు నా చెవుల్లో నిలబడవు" అని తను వాటిని పీకి పారేశాడు, శబ్దం బయటికే వచ్చేట్టు పెట్టి ఫోను మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎదురుగా దాదాబీ. యూనిట్ నుంచి వచ్చిన ప్యాంట్ల కుప్ప ముందు కూర్చుని, కుట్ల దగ్గర వేలాడే దారాలు కత్తిరిస్తోంది, బొటనవేలంత చిన్న కత్తెర, ప్యాంటుకింత అని కూలి. ఆ కత్తెర ఆడుతుంటే నీళ్లు పారుతున్నట్టే, జేబు, నడుం, కాలు, మడత, ఇంకో ప్యాంటు. తను ఫోను చూశాడు, ఏమీ లేదు. దాదాబీని చూశాడు. కత్తెర ఒక్క క్షణం ఆగింది. నొక్కాడు. కత్తెర కదిలింది, కదిలింది, మళ్లీ ఆగింది. నొక్కాడు. మూడోసారి ఆమె తలెత్తి చూసి దించుకుంది. నాలుగు, ఐదు, తర్వాత ఇక ఆలోచించనే లేదు, ఆ కత్తెర వంక చూస్తూ బొటనవేలు ఆడించాడు, మిషన్ పెడల్ మీద కాలు ఆడినట్టు ఆడింది. పచ్చరంగు వచ్చింది. వినికిడి మామూలుగా ఉందని తెలుగులో రాసి మరీ చూపించింది ఆ ఫోను. ఓబన్న చూసి భుజం తట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పని నిలబెట్టుకోవడానికి అబద్ధం ఆడని కూలివాడు ఎవడు? సిగ్గు అది కాదు. సిగ్గు ఏమంటే, నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పచ్చరంగును తనే నమ్మాడు.

శబ్దాలు ఇప్పుడు సన్నబడుతున్నట్టున్నాయి. సన్నబడుతున్నాయో, రావడమే లేదో. ఒకటి రెండుసార్లు గాజు మీద వేలు గీరినట్టు ఏదో తగిలింది, నొక్కుదామనుకునేలోగా పోయింది. ఇంత సన్నటిది తను ఒకప్పుడు వినలేదా? వినడమా! నిఖా రోజు మధ్యలో తెర, అటు ఆడవాళ్లు, ఇటు మగవాళ్లు. సాక్షులు తెర దగ్గర వంగి పెళ్లికూతుర్ని అడిగారు. ఆమె ఏదో అంది, వాళ్లకు వినపడలేదు, ఇంకోసారి చెప్పమ్మా అన్నారు. కానీ ఇవతల పది మంది మగవాళ్ల మధ్య, మెడలో పూలదండ ముక్కుకు అడ్డం పడుతున్నా, ఆ మొదటిసారి అన్న 'ఒప్పుకుంటాండా' అనే మాట తనకు వినపడింది. వానచుక్క దుమ్ములో పడితే వచ్చేంత చప్పుడు. ఆ సంగతి తర్వాత ఎన్నేళ్లు గొప్పగా చెప్పుకున్నాడో, సాక్షులకు ఇనపడలా, నాకు ఇనపడింది అని. దాదాబీ మాట గోడ దాటదని పేరు. పిల్లను తిట్టినా పక్కింటికి తెలిసేది కాదు. ఆ గొంతు ఎప్పుడు మారింది? ఒక్క రోజులో మారలేదు. అన్నం పెట్టాను రా అని ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి కాస్త గట్టిగా. ఏడాది తిరిగేసరికి మొదటిసారే గట్టిగా. రెండేళ్లకు అరుపు. ఆమె అరిస్తే తను ఉలిక్కిపడి, "ఎందుకట్ల మీదపడి అరుస్తావు?" అనేవాడు, మెల్లగా చెప్తే "గొణుగుతావేంది?" అనేవాడు. పాపం ఆమెకు మిగిలిన గొంతేది? వీధిలో మైకు దాదాబీ అన్నారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఫకృద్దీన్‌కు బాగా తెలుసు. టీ అంగడి దగ్గర నలుగురిలో నవ్వించడానికి, "మా ఇంట్లో మైకుండాదప్పా, కరెంటు లేకపోయినా మోగుతాది" అన్నది ఎవరు? తనే. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం చక్కగా వినపడింది.

అంతటితో పోయిందా? పంచాయితీ పెట్టించాడు. ఐదు నెలల కిందట, శుక్రవారం నమాజు అయ్యాక మసీదు పెద్దలు ఇద్దరు ఇంటికొచ్చారు, సోమందేపల్లె నుంచి దాదాబీ తమ్ముడు షరీఫ్ వచ్చాడు. ఇంటి ఆడది మొగుడి మీద వీధంతా వినపడేట్టు అరుస్తోందని తన ఫిర్యాదు. దాదాబీ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "ఆయనకు చెవులు ఇనపడవు, అందుకే" అంది, ఆ ఒక్క మాటే. అప్పుడు తను ఏం చేశాడు? ఇప్పుడు ఈ స్పాంజి గది మధ్యలో కూర్చుంటే తన చెయ్యి జేబులోకి వెళ్లడం ఇంకోడెవడో చేస్తున్నట్టు కనపడుతోంది, ఆ చేతిని పట్టుకుని ఆపాలనిపిస్తోంది. ఫోను తీశాడు. పచ్చరంగు చూపించాడు. పెద్దలకు ఒకరి తర్వాత ఒకరికి, తర్వాత షరీఫ్‌కు, కళ్లద్దాలు లేని పెద్దాయనకు చదివి కూడా వినిపించాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. ఆ పచ్చరంగు ఎవరి చెవులది? గుమ్మం పట్టుకుని నిలబడిన ఆమెవి. ఆమె చెవులు ఎరువు తీసుకుని, ఆమె మీదే సాక్ష్యం చెప్పించాడు. షరీఫ్ చాలాసేపు కిందకు చూసి, "అక్కా, బావకు చెవులు బాగుండాయని రాసుండాది కదా. నువ్వే రవ్వంత గొంతు తగ్గించుకో" అన్నాడు. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. దాదాబీ ఆ మాటకు తమ్ముడి వైపు చూడలేదు, తన వైపు చూసింది. ఎందుకు చూసిందో అప్పుడు అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు, గెలిచిన సంబరంలో టీలు తెమ్మన్నాడు.

తగ్గించుకుంది. మాటంటే మాటే. నిఖా నాటి గొంతు ఏదుందో ఆ గొంతులోకి వెళ్లిపోయింది, ఇల్లు చల్లబడింది. మొదటి వారం తను చాలా సంతోషించాడు. రెండో వారానికి ఆమె పెదాలు కదలడం కనిపించేది, మాట వచ్చేది కాదు. ఏమన్నావు అని అడిగితే ఓడిపోయినట్టు, అందుకని తల ఊపడం నేర్చుకున్నాడు. సరే అనేవాడు. ఊ అనేవాడు. చక్కెర తెమ్మంటే ఊ అని ఊరికే వచ్చేవాడు, సిమ్రాన్‌కు ఫీజు కట్టే తేదీ చెప్తే సరే అని మరిచిపోయినవాడిలా నటించేవాడు, మతిమరుపు అనిపించుకోవడం చెవుడు అనిపించుకోవడం కంటే నయమనిపించేది. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. శంఖం అయితే ఎంతో కొంత వినపడేదేమో, దాదాబీ మాట శంఖం కాదు. ఆమెకు తెలిసిపోయి ఉండదా? తెలిసి కూడా ఆ చిన్న గొంతులోనే మాట్లాడింది నాలుగు నెలలు. మొండితనమే, అంతకంటే ఏముంది? తనైతే ఆ స్థానంలో ఉండి ఉంటే ఫోను పగలగొట్టేవాడు.

ఇంక ఆ ఆదివారం దగ్గరికి రాకుండా తప్పించుకోవాలని చూశాడు. కుదరలేదు, ఈ గదిలో పక్కకు పోవడానికి దారి లేదు. యూనిట్ సెలవు. తను ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు, ఉల్లిపాయ, పచ్చిమిరప, వేయించిన శెనగ్గింజలు కలిపి దాదాబీనే ఇచ్చి వెనక స్నానాల గదిలో బట్టలు ఉతకడానికి వెళ్లింది. పళ్ల కింద బొరుగుల చప్పుడు ఒక్కటే ప్రపంచం. ఎదురింటి వెంకటలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చి తన వైపు చూసి, మూతి తిప్పి, లోపలికి వెళ్లింది. ఎందుకలా చూసిందో అనుకుని ఇంకో గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. తడి బండ మీద జారి, చెయ్యి కింద పడి, తలుపుకు అడ్డంగా పడి లేవలేక దాదాబీ నలభై నిమిషాలు అరిచిందట. సిమ్రాన్ సంతకు పోయి వచ్చి, వీధి మొదట్లోనే అమ్మ గొంతు విని పరుగెత్తింది, అరుగు మీది తండ్రిని దాటుకుని పరుగెత్తింది, ఆ పిల్ల తన వైపు చూసిన చూపు దేవుడు పగవాడికి కూడా చూపించకూడదు. వీధంతా విన్నది. ఎవరూ రాలేదు. తర్వాత వెంకటలక్ష్మమ్మే కళ్లనీళ్లు పెట్టుకుని చేతులతో సైగ చేసి మరీ చెప్పింది, "మైకు మళ్లా మొదలుపెట్టిందిలే అనుకుంటిమి అన్నా, మొగుడు అరుగు మీదనే కూచోనుండాడు కదా అని". తను కూర్చుని ఉండడమే వాళ్లకు ధైర్యం. తను పెట్టిన పేరే ఆమె నోటికి గుడ్డ కట్టింది. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే ఏ చెవితో వినాలి? ఫకృద్దీన్ గోడవైపు తిరిగి కూర్చునే ఉన్నాడు, బటన్ చేతిలోనే ఉంది, చాలాసేపట్నించి దేనికీ నొక్కలేదని అప్పుడు గమనించాడు. తొందరపడి నొక్కబోయి ఆగాడు. వినపడలేదు. వినపడనప్పుడు నొక్కకూడదు. ఇంత చిన్న పని ఇన్నాళ్లూ ఎందుకంత కష్టమైందో. బొటనవేలు బటన్ మీద నుంచి తీసి, చెయ్యి తొడ మీద ఆనించి, నాయన తువ్వాలు కట్టినట్టే గట్టిగా కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

తలుపు తెరిచారు. ప్రశాంతి అతన్ని బయటికి తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టి, దాదాబీని లోపలికి పిలిచింది. కాగితం మీద గీత ఒకటి గీసి ఉంది, మొదట్లో కాస్త చదునుగా పోయి, తర్వాత రాయదుర్గం కొండ దిగినట్టు దబ్బున దిగిపోయింది. "ఊరికే చూద్దాం" అని ప్రశాంతి అతని కుడిచెవిలో శెనగ్గింజంత మిషన్ ఒకటి పెట్టింది. మొదట ఫ్యాను పడింది చెవిలో, తర్వాత కాగితం చప్పుడు, తర్వాత తన చొక్కా తనకే గరగరమని వినిపించింది. "లావు గొంతులు మీకు వినపడతాయన్నా, సన్నగొంతులే పోయాయి. ఆడవాళ్ల మాట, పిల్లల మాట. మెల్లగా మాట్లాడేవాళ్లయితే అసలు తెలియదు" అని ఆ పిల్ల కాగితం మీద వేలు జరుపుతూ చెప్తోంది. ఎవరి గొంతు గురించి చెప్తోందో ఆ పిల్లకు తెలియదు. "ఇంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేసుకున్నారా?"

"ఫోన్లో చేసుకున్యానమ్మా. బాగుండాయనే వచ్చింది."

ప్రశాంతి కనుబొమలు ముడిచింది. ఫోను పరీక్ష చెడ్డదేం కాదని, చప్పుడు లేని చోట ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కరే కూర్చుని చేసుకుంటే చాలావరకు సరిగ్గానే చూపిస్తుందని, ఇంత తేడా మాత్రం రాకూడదని అంది. "ఎట్లా చేసుకున్నారన్నా?" ఫోను పాతదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచి మాట, ఎవరికీ నష్టం లేని మాట, ఫోను వచ్చి ఎదురు చెప్పదు. అతను దాదాబీ వైపు చూశాడు. ఆమె పాలిపోయిన చేతి వేళ్లు ఒకటొకటిగా ఆడించుకుంటోంది.

"నేను ఇనలేదమ్మా" అన్నాడు. తన గొంతు తనకే వినపడింది. "ఈమె ఎదురుగా కూచోని దారాలు కత్తిరిస్తాండె. కుయ్ మన్నప్పుడంతా ఈమె చెయ్యి ఆగేది. అది చూసి నొక్కినా."

ఫ్యాను తిరుగుతోంది, ఆ చప్పుడులోంచి, ఎన్నేళ్ల అవతల నుంచో, ఆ వానచుక్క గొంతు వచ్చింది.

"దారాలు కత్తిరించేటోళ్లు ఎవరన్నా అన్నిసార్లు చెయ్యి ఆపుతారా?" అంది దాదాబీ. "ప్యాంటుకింత అని కూలి. మొదట రెండుసార్లు నాకు తెలీకుండానే ఆగిందేమో. మూడోసారికి నీ కండ్లు చూసినా. ఆ పొద్దు నువ్వు చూస్తాండావనే ఆపినా."

"మరి పెద్దమనుషుల ముందర ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఫకృద్దీన్.

"చెప్తే ఓబన్నకు తెలీదా? పని పోదా?" ఆమె వేళ్లు ఆడించడం ఆపింది. "నువ్వన్నా చెప్తావేమో అని నీ ముఖం చూస్తాంటి. నువ్వు ఫోను చూపిస్తాంటివి."

తల దించుకుంటే మిషన్ జారిపోతుందేమోనని తల దించలేకపోయాడు. భూమిలోకి పోవాలనిపించింది, అదీ లేదు, ఆ కుర్చీలోనే ఉన్నాడు, ఆమె గొంతు వింటూ. చాలా బాగా వినపడుతోంది. ఇంత బాగా వినపడకపోయినా బాగుండుననిపించి, అనిపించినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. మిషన్ పెట్టుకుంటే పని మానాల్సిన అవసరం ఉండకపోవచ్చని, యూనిట్ రొదలో చెవులకు అడ్డం పెట్టుకోవాల్సినవి వేరే ఉంటాయని, అవన్నీ రాసిస్తానని ప్రశాంతి చెప్పింది. అర్జీ పెట్టుకుంటే మిషన్ నెలలోపు వస్తుందట. ఇది చూపించడానికి మాత్రమే ఉంచినది అని మెల్లగా చెవిలోంచి తీసేసుకుంది. ఫ్యాను ఆగినట్టయింది. దాదాబీ ఏదో అంది, పెదాలు కదిలాయి.

వరండాలో పొడుగాటి బెంచీల మీద ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు, చీటీలు పట్టుకుని, పిల్లల్ని పట్టుకుని. ఫకృద్దీన్ రిపోర్టును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు, అది రేపు ఓబన్నకు చూపించాల్సింది. అయితే దానికంటే ముందు చేయాల్సింది ఒకటి ఉంది, బస్సెక్కితే ధైర్యం జారిపోయేది. ఫోను తీసి, షరీఫ్ నంబరు నొక్కి, చెవికి పెట్టుకోలేదు, ముఖం ముందు పట్టుకున్నాడు. సెకండ్లు పరుగెత్తడం మొదలైంది. ఎత్తినాడన్నమాట.

"షరీఫ్, నేను మీ బావను. నువ్వేమంటావో నాకు ఇనపడదు, నేను చెప్పేది ఇను. నాకు చెవుడు. ఆ పొద్దు ఫోన్లో మీకు చూపించింది అబద్ధం. మీ అక్క చెవులతో పాసైనా నేను. పాసై మీ అక్కనే తిట్టించినా. మైకు అని పేరు పెట్టింది నేనే. మీ అక్క నోరు మంచిదే, గొంతు మంచిదే. శుక్రవారం మసీదు పెద్దలకు నేనే చెప్తా, నువ్వూ రా."

ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి తెలియడం లేదు. బెంచీల మీద ముప్పై తలలూ ఇటు తిరిగాయి. మందులగది కిటికీలోంచి ఒకామె బయటికి తొంగి చూసింది. దాదాబీ ఎడమచేత్తో అతని మోచెయ్యి పట్టి లాగింది, ముఖం ఎర్రబడింది, పెదాలు కదిలాయి. మెల్లగా, అంటోంది. ఆ ఒక్క మాట ముఖం చూసి తెలుసుకున్నాడు. సెకండ్లు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

"మీ అక్క మెల్లగా చెప్పమంటాంది" అని ఇంకా గట్టిగా అరిచి, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.